దేశవ్యాప్త సర్వేల్లో నోటి పరీక్ష ఎలా చేస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

నోటి ఆరోగ్య సర్వే బృందాలతో చాలాకాలంగా పనిచేస్తున్నాను. పరీక్షకు పేరు వచ్చినవాళ్లు, కొత్తగా బృందంలో చేరినవాళ్లు, తర్వాత రిపోర్టు చదివినవాళ్లు అందరూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే చదువుకోవచ్చు, వరుసగా చదవాల్సిన పనిలేదు.

## పేరు వచ్చినప్పుడు

నన్నే ఎందుకు ఎంచుకున్నారు? నా పళ్లలో ఏదో తేడా ఉందని వాళ్లకి తెలిసిందా?

లేదు. మీ పళ్ల గురించి వాళ్లకేమీ తెలియదు, తెలియకూడదు కూడా. ముందు ప్రాంతాలను, ఆ ప్రాంతాల్లో ఇళ్లను, ఆ ఇళ్లలో మనుషులను లాటరీ పద్ధతిలో తీస్తారు. అలా తీసిన ఒక్కొక్కరు తమలాంటి కొన్ని వేలమంది తరఫున కుర్చీలో కూర్చుంటారు. అందుకే "నాకు తీరిక లేదు, మా తమ్ముణ్ణి చూడండి" అంటే బృందం ఒప్పుకోదు. పంటి నొప్పి ఉన్నవాళ్లు ముందుకొచ్చి, లేనివాళ్లు తప్పుకుంటే ఆ లెక్కలో దేశమంతా పంటి నొప్పితో ఉన్నట్టే కనిపిస్తుంది.

నాకు పళ్ల సమస్యలేం లేవు. వెళ్లకపోతే ఏం నష్టం?

మీలాంటివాళ్లు రాకపోతేనే అసలు నష్టం. ఎంతమందికి పుచ్చు పళ్లు ఉన్నాయో తెలియాలంటే ఎంతమందికి లేవో కూడా తెలియాలి. సంఖ్యలను సరిచేయడానికి వయసు, ఆడ-మగ, ప్రాంతం చూసి లెక్కలో ఒక్కొక్కరికి ఇంత ప్రాధాన్యం అని వేస్తారు. ఆ సవరణతో కొంతవరకు సర్దుకోవచ్చు. కానీ డెంటిస్ట్ అంటే భయపడి రానివాళ్ల నోట్లో ఏముందో ఏ లెక్కా చెప్పలేదు.

మా అమ్మగారికి ఒక్క పన్ను కూడా లేదు. ఆవిడను ఏం చూస్తారు?

అసలు పళ్లే లేనివాళ్లు ఎంతమంది అన్నది ఏ దేశానికైనా పెద్ద లెక్క. ఇంగ్లండ్‌లో 1978లో పెద్దవాళ్లలో 28 శాతం మందికి ఒక్క సొంత పన్ను కూడా లేదు. 2009 నాటికి ఆ సంఖ్య 6 శాతానికి దిగింది. ముప్పై ఏళ్లలో ఒక దేశం నోరు ఎంత మారిందో ఆ రెండు అంకెలే చెబుతాయి. పళ్లు లేకపోయినా కట్టుడు పళ్లు ఉన్నాయా అని చూస్తారు. చిగురు గట్టు, అంగిలి, నాలుక కింద పుండ్లు, మచ్చలు ఉన్నాయేమో చూస్తారు. పెద్ద వయసువాళ్లకి ఇది చాలా ముఖ్యం. కొన్ని సర్వేలు మాత్రం పళ్లు లేనివాళ్లను ప్రశ్నలు అడిగి వదిలేస్తాయి, నోరు తెరిచి చూడవు.

5, 12, 15, 35–44, 65–74 ఏళ్లవాళ్లనే చూస్తారట, ఎందుకు?

ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన వయసులు. ఒక్కోదానికీ ఒక్కో కారణం ఉంది. అయిదేళ్లు పాలపళ్ల పరిస్థితి తెలుసుకునే వయసు. ఇంకాస్త ఆగితే అవి ఊడిపోవడం మొదలవుతుంది. పన్నెండేళ్లకి జ్ఞానదంతాలు తప్ప శాశ్వత దంతాలన్నీ దాదాపు వచ్చేస్తాయి, పిల్లలు ఇంకా స్కూల్లోనే దొరుకుతారు. దేశాల మధ్య పోలిక ఎక్కువగా ఈ వయసు మీదే నడుస్తుంది. పదిహేనేళ్లకి ఆ శాశ్వత దంతాలు నోట్లోకి వచ్చి కనీసం మూడేళ్లు గడిచి ఉంటుంది కాబట్టి పుచ్చు లెక్కకి ఇంకా గట్టి ఆధారం దొరుకుతుంది. 35–44 పెద్దవాళ్లకి కొలబద్ద లాంటిది. 65–74 అయితే ఒక తరం మొత్తం జీవితంలో అందుకున్న వైద్యం, అందుకోలేని వైద్యం రెండూ నోట్లో కనిపించే వయసు.

అన్ని దేశాలూ ఇదే పాటించాలని లేదు. అమెరికాలో జరిగే జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వే చిన్నపిల్లల నుంచి వృద్ధుల వరకు అన్ని వయసులవాళ్లనూ తీసుకుంటుంది.

ఇంత శ్రమ ఎందుకు? ఫారంలో ప్రశ్నలు అడిగితే సరిపోదా?

కొన్నిటికి సరిపోతుంది. నోట్లో ఎన్ని పళ్లున్నాయో చాలామంది దాదాపు సరిగ్గానే చెబుతారు. నొప్పి ఉందా, నమలడం కష్టంగా ఉందా, నవ్వడానికి మొహమాటపడుతున్నారా అన్నవి మనిషిని అడిగితేనే తెలుస్తాయి, అద్దంలో కనిపించవు. కానీ చిగుళ్ల జబ్బు ఏళ్ల తరబడి నొప్పి లేకుండా లోపల్లోపలే నడుస్తుంది. పుచ్చు నరం దాకా వెళ్లేవరకు చాలామందికి తెలియదు. "నాకేం లేదు" అని మనస్ఫూర్తిగా చెప్పినవాళ్ల నోట్లో మూడు నాలుగు గుంతలు కనిపించడం మాకు మామూలే. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లకి తెలియదంతే. అందుకే మంచి సర్వేలు అడగడం, చూడడం రెండూ చేస్తాయి. 2009లో ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో జరిగిన పెద్దల దంత సర్వేలో 11,380 మందితో మాట్లాడి, 6,469 మంది నోరు పరీక్షించారు. సొంత పన్ను ఒక్కటైనా ఉన్నవాళ్లకే అక్కడ పరీక్ష చేశారు కాబట్టి ఆ తేడా అంతా రామన్నవాళ్లది అనుకోకూడదు.

## పరీక్షకు ముందు

చూసేది నిజంగా డెంటిస్టేనా?

పెద్ద సర్వేల్లో చాలావరకు డెంటిస్టులే. కొన్నిచోట్ల ప్రత్యేకంగా ట్రైనింగ్ ఇచ్చిన ఆరోగ్య సిబ్బంది పైపైన చూసే పరీక్ష మాత్రం చేస్తారు. పక్కన రాసుకునే రికార్డర్ తప్పకుండా ఉంటారు. గ్లోవ్స్‌తో నోరు చూస్తున్న చేత్తోనే పెన్ను పట్టుకోవడం కుదరదు కదా.

ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న డాక్టరుకి మళ్లీ ట్రైనింగ్ ఎందుకు?

అనుభవం ఉంది కాబట్టే. క్లినిక్‌లో కూర్చున్న డాక్టరు ముందున్న మనిషికి ఏం చేస్తే మంచిదో ఆలోచిస్తారు. అనుమానంగా ఉన్న పన్నును ఒకరు "ఇప్పుడే ఫిల్లింగ్ చేద్దాం" అంటారు, ఇంకొకరు "ఆరు నెలలు చూద్దాం" అంటారు. ఇద్దరూ మంచి డాక్టర్లే. కానీ సర్వేలో ఒక జిల్లాను మొదటాయన, పక్క జిల్లాను రెండో ఆయన చూస్తే ఏమవుతుంది? మొదటి జిల్లాలో పుచ్చు ఎక్కువని రిపోర్టులో వస్తుంది. తేడా జనంలో లేదు, డాక్టర్లలో ఉంది.

అందుకే సర్వే మొదలయ్యే ముందు డాక్టర్లందరూ ఒకే గుంపు మనుషులను విడివిడిగా పరీక్షిస్తారు. తర్వాత ఫారాలు పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి పన్నునూ మళ్లీ కలిసి చూస్తారు. నేను చూసిన ఒక ట్రైనింగ్‌లో కింది దవడ పన్ను ఒక్కదాని దగ్గరే అరగంట ఆగిపోయారు. గాడిలో సన్నటి గోధుమరంగు గీత ఉంది. నలుగురు డాక్టర్లు, మూడు అభిప్రాయాలు. ఆ పన్ను ఉన్న అబ్బాయి నోరు తెరిచి, మూసి అలిసిపోయి చివరికి "ఏదో ఒకటి రాసేయండి సార్" అన్నాడు. కానీ ఆ రోజు ఆ గీత గురించి తేల్చుకోకపోతే సర్వే అంతా అదే గీత ఒక్కో ఊళ్లో ఒక్కో కోడ్ అయ్యేది.

కాపా విలువ అంటుంటారు. ఇద్దరు డాక్టర్లూ ఎంత శాతం ఒప్పుకున్నారో చెబితే చాలదా?

చాలదు. వంద పళ్లు చూశారనుకోండి, అందులో 95 బాగున్నాయి, అయిదు పుచ్చిపోయాయి. ఒక డాక్టరు సరిగ్గా చూసి రాశారు. రెండో ఆయన నోట్లోకి తొంగి చూడకుండానే అన్నిటికీ "బాగుంది" అని రాసేశారు. ఇద్దరి మధ్య ఏకాభిప్రాయం ఎంత? 95 శాతం! వినడానికి గొప్పగా ఉంది కానీ దొరకాల్సిన అయిదు పళ్లలో రెండో ఆయనకు ఒక్కటీ దొరకలేదు. ఊరికే కలిసొచ్చిన ఏకాభిప్రాయాన్ని తీసేసి, మిగిలిందే లెక్క కట్టేది కాపా. పై ఉదాహరణలో కాపా సున్నా. పూర్తిగా కుదిరితే ఒకటి. 1960లో జేకబ్ కోహెన్ దీన్ని ప్రతిపాదించారు. సర్వే రిపోర్టు చదివేటప్పుడు నేను ముందు వెతికేది ఈ అంకెనే.

ఒకరి నోట్లో పెట్టిన అద్దం ఇంకొకరికి పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

అలా పెట్టరు. ఒక్కో పరీక్షకుడికి కనీసం 30 అద్దాలు, 30 ప్రోబ్‌లు (చిగుళ్ల లోతు చూసే సన్నటి కడ్డీలు) ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కొన్ని వాడుతుంటే మిగతావి స్టెరిలైజ్ అవుతుంటాయి. గ్లోవ్స్ మనిషి మనిషికీ మారుస్తారు. వాడినవి ఒక డబ్బాలో, వాడనివి ఇంకో డబ్బాలో విడిగా ఉంటాయి. మీకు అనుమానం వస్తే కుర్చీలో కూర్చునే ముందే అడగండి, ప్యాకెట్ మీ ఎదురుగానే విప్పమనండి. ఆ మాటకు ఎవరూ నొచ్చుకోరు.

నాకు గుండె కవాటం ఆపరేషన్ అయింది. చెప్పాలా?

తప్పకుండా చెప్పండి, వాళ్లు అడగకపోయినా చెప్పండి. చిగురు లోపల కొలిచేటప్పుడు కాస్త రక్తం వస్తే నోట్లోని సూక్ష్మక్రిములు రక్తంలోకి వెళ్లే అవకాశం ఉంటుంది. కొన్ని గుండె సమస్యలు ఉన్నవాళ్లకి అది ప్రమాదం. అమెరికా సర్వేలో చిగుళ్లు కొలిచిన ఏళ్లలో ముందే ఆరోగ్య ప్రశ్నలు అడిగి, ఇలాంటివాళ్లకి ఆ కొలత మానేసేవారు. పళ్ల లెక్క మాత్రం మామూలుగానే తీసుకునేవారు.

## కుర్చీలో కూర్చున్నాక

ఎంతసేపు పడుతుంది? నొప్పి ఉంటుందా?

పిల్లలకి 5 నుంచి 10 నిమిషాలు, పెద్దవాళ్లకి 15 నుంచి 20 నిమిషాలు. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లింగ్ లేదు, పన్ను తీయడం లేదు. చిగుళ్లు వాచి ఉంటే కొలిచేటప్పుడు కాస్త చురుక్కుమంటుంది. మధ్యలో ఆపమంటే ఆపేస్తారు.

ముందు ఏం చూస్తారు, తర్వాత ఏం చూస్తారు?

క్రమం సర్వేను బట్టి ఉంటుంది, కానీ ఒక సర్వేలో మాత్రం అందరికీ అదే క్రమం. పెదవుల లోపలి వైపు, బుగ్గల లోపలి పొర, నాలుక పైనా పక్కలా కిందా, నోటి అడుగు భాగం, అంగిలి, చిగుళ్లు అంటూ మెత్తటి భాగాలన్నీ వరుసగా చూస్తారు. కట్టుడు పళ్లుంటే తీయమంటారు. పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గడ్డ ఉంటే ఎక్కడుందో రాస్తారు. పళ్లను పై దవడ కుడి చివర నుంచి మొదలుపెట్టి ఎడమకి, అక్కడి నుంచి కింది దవడ ఎడమకి దిగి కుడి వైపుకి వస్తారు. పన్నులో ఏ కొంచెం భాగం బయటికి కనిపించినా ఆ పన్ను వచ్చినట్టే లెక్క.

డాక్టరు "వన్ సిక్స్ జీరో, వన్ ఫైవ్ త్రీ" అని చదువుతుంటే నాకు కంగారొచ్చింది. ఏంటవి?

కంగారు పడకండి. మొదటి అంకె నోటిలో ఏ పావు భాగమో చెబుతుంది. పై కుడి ఒకటి, పై ఎడమ రెండు, కింది ఎడమ మూడు, కింది కుడి నాలుగు. రెండో అంకె ముందు పళ్ల మధ్య గీత నుంచి లెక్కపెడితే ఎన్నో పన్నో చెబుతుంది. మూడోది ఆ పన్ను పరిస్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో సున్నా అంటే బాగుంది, ఒకటి అంటే పుచ్చింది, రెండు అంటే ఫిల్లింగ్ ఉంది కానీ మళ్లీ పుచ్చింది, మూడు అంటే ఫిల్లింగ్ ఉంది, పుచ్చు లేదు. నాలుగు అంటే పుచ్చు వల్లే పన్ను పోయింది. కాబట్టి "వన్ ఫైవ్ త్రీ" అంటే పై కుడి వైపు అయిదో పన్నుకి ఫిల్లింగ్ ఉంది, బాగానే ఉంది అని.

"సిక్స్‌టీన్" అనకుండా "వన్ సిక్స్" అని విడగొట్టి చదవడం కూడా నియమమే. ప్రతిసారీ పన్ను నంబరు చెప్పడం వెనక అనుభవం ఉంది. ఒక్క పన్ను జారిపోతే ఆ తర్వాతివన్నీ ఒక గడి పక్కకి జరిగిపోతాయి, లేని పన్నుకి ఫిల్లింగ్ వస్తుంది. మంచి రికార్డర్ విన్నది తిరిగి పైకి చదువుతారు. అందుకే వాళ్లను డాక్టరు పక్కనే, ఫారం కనిపించేంత దగ్గరగా కూర్చోబెడతారు.

చిగుళ్లలో సన్నటి కడ్డీ పెట్టి గుచ్చారు. ఏం కొలిచారు?

గుచ్చలేదు, లోతు చూశారు. ఆ కడ్డీ పేరు ప్రోబ్. చివర సూదిలా ఉండదు, అర మిల్లీమీటరు గుండ్రటి బుడిపె ఉంటుంది. కొనకి 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల మధ్య ఒక నల్లటి పట్టీ ఉంటుంది. పంటికీ చిగురుకీ మధ్య సందులోకి దాన్ని మెల్లగా జార్చినప్పుడు పట్టీ మొత్తం బయటే కనిపిస్తే లోతు మామూలే. పట్టీలో కొంత లోపలికి వెళితే చిగురు దగ్గర 4–5 మిల్లీమీటర్ల గుంత ఉన్నట్టు. పూర్తిగా మాయమైతే 6 లేదా అంతకన్నా ఎక్కువ. కొలిచాక రక్తం వచ్చిందా లేదా అన్నదీ రాస్తారు. పదిహేనేళ్ల లోపు పిల్లలకి గుంత లోతు కొలవరు, రక్తం ఒక్కటే చూస్తారు.

ఎంత బలం పెట్టాలన్నదానికీ లెక్క ఉంది. 20 గ్రాములు దాటకూడదు. అది చేతికి ఎలా తెలియాలి? ట్రైనింగ్‌లో ప్రోబ్ కొనను బొటనవేలి గోరు కింద పెట్టి, అక్కడ తెల్లబడేంతవరకే నొక్కమంటారు. నొప్పి రాకూడదు. మీరూ ఒక మొద్దు కొనతో గోరు కింద నొక్కి చూసుకోండి, ఆ ఒత్తిడి ఎంత తక్కువో తెలుస్తుంది.

ఎక్స్‌రే తీయకుండా ఏం తెలుస్తుంది?

కొంత తెలియకుండానే పోతుంది, అది దాచాల్సిన విషయం కాదు. రెండు పళ్లు ఆనుకునే చోట మొదలైన పుచ్చు ఎక్స్‌రేలోనే బాగా కనిపిస్తుంది. అయినా వేలమందికి, అందులో చాలావరకు ఏ బాధా లేనివాళ్లకి, చికిత్స కోసం కాకుండా రేడియేషన్ ఇవ్వడం తగదు. ఆ పరికరాన్ని ఊరూరా మోసుకెళ్లడం ఇంకో కష్టం. కాబట్టి ఈ సర్వేల్లో వచ్చే పుచ్చు సంఖ్య అసలు కంటే కాస్త తక్కువే ఉంటుందని గుర్తుపెట్టుకుని చదవాలి.

గదిలో లైట్ ఉండగా నుదుటికి ఇంకో లైట్ ఎందుకు?

ప్రతి ఇంట్లో, ప్రతి స్కూల్లో వెలుతురు ఒకలా ఉండదు. పసుపు, ఎరుపు ఛాయ ఉన్న దీపం కింద చిగుళ్ల ఎర్రదనం సరిగ్గా తెలియదు. తెల్లటి వెలుగు కావాలి, అది అందరికీ ఒకేలా ఉండాలి.

మా పాపను మళ్లీ పిలిచి రెండోసారి చూశారు. మొదట తప్పు చేశారా?

కాదు. సర్వే నడుస్తుండగా 5 నుంచి 10 శాతం మందిని కావాలనే రెండోసారి పరీక్షిస్తారు. ట్రైనింగ్ రోజున కుదిరిన చెయ్యి ఇరవయ్యో రోజున కూడా అలాగే ఉందా అని సరిచూసుకునేది ఇలాగే. అలసట వల్ల చూపు మారుతుంది, వినికిడి కూడా తగ్గుతుంది. నాకు తెలిసి రోజు చివర చేసిన పరీక్షల్లోనే తేడాలు ఎక్కువ వచ్చేవి. అందుకే రోజుకి ఇంతమందినే చూడాలని బృందం ముందే గీత గీసుకోవాలి.

## రాసిన అంకెల గురించి

నా పంటిపై నల్లమచ్చ కనిపిస్తోంది, వాళ్లేమో "బాగుంది" అని రాశారు!

మీ మచ్చను వాళ్లు చూసే ఉంటారు. పుచ్చు అని రాయాలంటే గుంత పడి ఉండాలి, లేదా లోపల మెత్తబడి ఉండాలి, లేదా పై పొర కింద డొల్లగా మారి ఉండాలి. రంగు మారినా గట్టిగా ఉన్న మచ్చ, సున్నంలా తెల్లటి మచ్చ, అరిగిన పన్ను ఇవన్నీ "బాగుంది" కిందకే వస్తాయి. సందేహం ఉంటే బాగుందనే రాయాలన్నది నియమం. ఈ నియమం పుచ్చును తక్కువ చేసి చూపిస్తుందన్నది నిజమే. కానీ అందరూ ఒకే వైపుకి, ఒకేలా మొగ్గుతారు కాబట్టి పోలిక నిలబడుతుంది. మొదలవుతున్న మచ్చలను కూడా పట్టుకోవడానికి ఐసీడాస్ అనే ఇంకో పద్ధతి ఉంది. అందులో పళ్లు శుభ్రం చేసి, గాలితో ఆరబెట్టి చూడాలి. ఊరూరా తిరిగే బృందానికి అది బరువైన పని.

డీఎంఎఫ్‌టీ 1.2 అంటే ప్రతి పిల్లవాడికీ ఒక పన్ను పాడైనట్టా?

కాదు, చాలామంది పొరపడేది ఇక్కడే. పుచ్చిన పళ్లు, పుచ్చు వల్ల పోయిన పళ్లు, ఫిల్లింగ్ చేసిన పళ్లు ఈ మూడూ కలిపితే ఒక మనిషి డీఎంఎఫ్‌టీ. రెండు పుచ్చి, ఒకటి పోయి, మూడిటికి ఫిల్లింగ్ ఉంటే ఆరు. ఫిల్లింగ్ ఉండి మళ్లీ పుచ్చితే దాన్ని పుచ్చులోనే లెక్కపెడతారు. 1938లో క్లైన్, పామర్, నట్సన్ అనే ముగ్గురు అమెరికాలో స్కూలు పిల్లల పళ్లు చూసి ఈ లెక్కను ప్రవేశపెట్టారు.

1.2 అన్నది సగటు. పదిమంది పిల్లల్లో ఏడుగురికి సున్నా, మిగతా ముగ్గురికి తలా నాలుగు ఉన్నా సగటు 1.2 వస్తుంది. ఆ ముగ్గురే నొప్పితో నిద్రపోరు, ఆ ముగ్గురే సగటు వెనక దాక్కుంటారు. దీన్ని సరిచేయడానికి 2000లో డగ్లస్ బ్రాటాల్ ఒక మార్గం చూపించారు. ఎక్కువ పుచ్చు ఉన్న మూడో వంతు పిల్లలను విడిగా తీసి, వాళ్ల సగటు మాత్రం చెప్పడం. సగటు ఒక్కటే ఇచ్చిన రిపోర్టు నాకు ఎప్పుడూ సగం చెప్పి ఊరుకున్నట్టే అనిపిస్తుంది.

ఫ్లోరోసిస్‌ను ఏ పన్ను చూసి రాస్తారు?

ఫ్లోరోసిస్ అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ల మీద పడే మచ్చలు. దాని తీవ్రతను స్థాయిలుగా రాసే డీన్ పద్ధతిలో అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతిన్న రెండు పళ్లు చూస్తారు. ఆ రెండూ సమానంగా లేకపోతే వాటిలో తక్కువ దెబ్బతిన్నదాని స్థాయి రాస్తారు.

## పరీక్ష అయ్యాక

కనిపెట్టిన పుచ్చుకి అక్కడే చికిత్స చేస్తారా?

చేయరు. కానీ చూసి ఊరుకోరు కూడా. ప్రతి మనిషికీ చికిత్స ఎంత తొందరగా కావాలో ఒక కోడ్ ఉంటుంది. ఏమీ అక్కర్లేదు అన్న దగ్గర మొదలై నొప్పి, చీము ఉంటే వెంటనే చూపించుకోవాలి అన్నంత వరకు వెళుతుంది. అనుమానాస్పదమైన పుండు కనిపిస్తే ఎక్కడికి వెళ్లాలో అక్కడే చెప్పి, చీటీ రాసి ఇవ్వాలి. ఆ చీటీ ఇవ్వని సర్వే ఎంత బాగా లెక్కపెట్టినా నా దృష్టిలో పని సగంలో వదిలేసినట్టే.

నా వివరాలు బయటికి వస్తాయా?

అంకెల్లోంచి పేరును వేరుచేసి ఒక నంబరు ఇస్తారు. పరీక్షకు ముందే మీ సమ్మతి రాతలో తీసుకుంటారు. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం కావాలి, అది ఉన్నా పిల్లలు వద్దంటే బలవంతం చేయకూడదు.

కొత్త సర్వేలో చిగుళ్ల జబ్బు పెరిగిందని చదివాను. నిజంగా పెరిగిందా?

ముందు రెండు సర్వేల్లోనూ ఒకేలా కొలిచారా అని చూడండి. అమెరికా సర్వేలో ఒకప్పుడు నోట్లో రెండు పావు భాగాలనే, ఒక్కో పంటికి కొన్ని చోట్లే కొలిచేవారు. 2009 నుంచి 2014 వరకు జ్ఞానదంతాలు తప్ప అన్ని పళ్లనూ, ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల కొలిచారు. 2009–10 లెక్కల్లో 30 ఏళ్లు దాటినవాళ్లలో 47.2 శాతం మందికి చిగుళ్ల లోపలి జబ్బు ఉన్నట్టు తేలింది. పాత సర్వేల సంఖ్యలు దీనికన్నా బాగా తక్కువ. జబ్బు ఒక్కసారిగా పెరగలేదు, సగం నోరు చూసినప్పుడు తప్పించుకున్నది నోరంతా చూసినప్పుడు దొరికింది.

సర్వేలో అన్నీ సున్నాలే వచ్చాయి. ఇక ఈ ఏడాది డెంటిస్ట్ దగ్గరికి వెళ్లక్కర్లేదా?

వెళ్లండి. సర్వేలో ఎక్స్‌రే లేదు, మొదలవుతున్న మచ్చలను లెక్కలోకి తీసుకోరు, సందేహం ఉన్నచోట బాగుందనే రాస్తారు. మీ సున్నాలు దేశం లెక్కకి సరిపోతాయి. మీ పంటికి ఏం కావాలో చెప్పాల్సింది మాత్రం మిమ్మల్ని మీ కోసమే చూసే డాక్టరు. పరీక్ష రోజు ఇచ్చిన కాగితం ఉంటే దాన్ని వెంట తీసుకెళ్లండి, ఏ పన్ను దగ్గర ఏం రాశారో చూపించండి.